కృష్ణారెడ్డి, ఎచింగ్, రంగుల ప్రింట్లు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చెన్నైలో ఎచింగ్ చేస్తాను, అంటే లోహపు రేకు మీద గీసిన బొమ్మని యాసిడ్‌తో తినిపించి దాన్నుంచి కాగితం మీద అచ్చు తీస్తాను, శని ఆదివారాలు నేర్పిస్తాను కూడా. ఇక్కడ ఉండే తెలుగువాళ్లు, చిత్తూరు తిరుపతి వైపు నుంచి చదువుకోడానికొచ్చిన పిల్లలు, వాళ్లని దింపడానికొచ్చే అమ్మానాన్నలు అడిగే ప్రశ్నల్లో సగం కృష్ణారెడ్డి గారి గురించి, మిగతా సగం అసలు ఈ పని ఏంటి అని. ఆయన్ని వదిలేసి పని గురించి చెప్పినా, పనిని వదిలేసి ఆయన గురించి చెప్పినా సగమే అర్థమవుతుంది, అందుకని కలిపే రాస్తున్నా.

ఎవరండీ ఈ కృష్ణారెడ్డి?

మన చిత్తూరు జిల్లా ఆయన. నందనూరు అనే పల్లెలో 1925 జులై 15న పుట్టారు, అప్పటికి ఆ ప్రాంతమంతా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 2018 ఆగస్టు 22న న్యూయార్క్‌లో కన్నుమూశారు, 93 ఏళ్లు బతికారు. రంగుల్లో ప్రింట్ తీసే పద్ధతిని ప్రపంచం మొత్తంలో మార్చేసిన కొద్దిమందిలో ఆయన ఒకరు. ఒకే రాగి రేకు మీద, ఒకేసారి ప్రెస్‌లో తిప్పి, అన్ని రంగులూ ఒక్క దెబ్బకి కాగితం మీదకి తేవడం అనే పద్ధతి ఉంది కదా, దాన్ని కనిపెట్టిన చేతుల్లో ఒక చేయి ఆయనది. 1972లో పద్మశ్రీ ఇచ్చారు. న్యూయార్క్‌లో మెట్ మ్యూజియంలో, మోమా అనే ఆధునిక కళల మ్యూజియంలో ఆయన పనులున్నాయి.

పల్లెటూరి నుంచి ప్యారిస్ దాకా ఎలా వెళ్లారు, డబ్బున్న కుటుంబమా?

కాదు, పొలం పనులు చేసుకునే ఇల్లే. ఆయన అదృష్టం ఏంటంటే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూల్లో చదువుకోగలిగారు, అది జిడ్డు కృష్ణమూర్తి గారు పెట్టిన బడి, బొమ్మలేసే పిల్లాడిని పుస్తకం ముయ్యి అనకుండా వెయ్యనిచ్చే బడి. అక్కణ్ణుంచి 1940ల మొదట్లో శాంతినికేతన్. అక్కడి ఆర్ట్ స్కూలు కళాభవన్‌లో చిత్రకారుడు నందలాల్ బోస్ దగ్గర చేరారు. ఆ రోజులు ఎలాంటివో ఒకసారి అనుకోండి, 1942లో క్విట్ ఇండియా, 1943లో బెంగాల్ కరువు, బయట దేశం అంతా అట్టుడికిపోతోంది, ఈయన ఉద్యమంలోకీ వెళ్లారు, వచ్చి మళ్లీ ఆకు, పురుగు, విత్తనం ముందు కూర్చుని బొమ్మలేశారు. నందలాల్ పద్ధతే అది, చెట్టుని చూసి చెట్టు పై రూపం దించెయ్యడం కాదు, అది ఎలా పెరుగుతోందో పట్టుకో అంటారు. ఈ అలవాటు ఆయన్ని చివరిదాకా వదల్లేదని నా నమ్మకం. తర్వాతెప్పుడో ప్యారిస్‌లో వేసిన చేప చూసినా, సుడిగుండం చూసినా నాకు శాంతినికేతనే కనిపిస్తుంది.

చదువయ్యాక 1947లో మద్రాసు వచ్చేశారు. ఇది చాలామందికి తెలీదు, చెప్తే ఆశ్చర్యపోతారు. రుక్మిణీదేవి అరండేల్ గారి కళాక్షేత్రలో ఆర్ట్ విభాగానికి హెడ్‌గా చేశారు, ఇక్కడే మాంటిస్సోరి టీచర్లకి ట్రైనింగ్ ఇచ్చే చోట బొమ్మలు నేర్పారు. ఈ రోజు తిరువాన్మియూర్‌లో ఉన్న కళాక్షేత్రకి వెళ్లి ఇక్కడే నేర్పారట కదా అని ఫొటోలు తీసుకునేవాళ్లున్నారు. అప్పట్లో కళాక్షేత్ర ఉన్నది అడయార్‌లో, థియోసాఫికల్ సొసైటీ చెట్ల మధ్య, తిరువాన్మియూర్‌కి తర్వాత మారింది. కాబట్టి ఆయన నడిచిన చోటు చూడాలంటే అడయార్ బ్రిడ్జి ఇవతల ఆ తోటలోకే వెళ్లాలి.

ఆ మద్రాసు రోజుల్లోనే శిల్పం మీదకి మనసు మళ్లింది. తర్వాత లండన్, అక్కడ స్లేడ్ అనే ఆర్ట్ స్కూల్, హెన్రీ మూర్ దగ్గర శిల్పం. అక్కణ్ణుంచి ప్యారిస్, జాడ్కిన్ దగ్గర మళ్లీ శిల్పం. బ్రాంకుసి స్టూడియోకీ వెళ్లారు. 1950ల మధ్యలో మిలాన్ పోయి మారినో మారిని దగ్గర ఇంకోసారి శిల్పమే. చూడండి, ఎక్కడికెళ్లినా చేరింది శిల్పి దగ్గరే, ఎచింగ్ చేసేవాళ్ల దగ్గర కాదు. ఆయన ప్రింట్లు వేరేవాళ్ల ప్రింట్లలా ఎందుకుండవో చెప్పాలంటే ఇక్కణ్ణుంచే మొదలుపెట్టాలి.

మరి ప్రింట్లలోకి ఎలా వచ్చారు?

ప్యారిస్‌లో అతెలియే 17 అని ఒక వర్క్‌షాప్ ఉండేది. స్టాన్లీ విలియం హేటర్ అనే ఇంగ్లీషాయన 1927లో మొదలుపెట్టారు, 1933లో కాంపాన్ ప్రిమియేర్ వీధిలో 17వ నంబర్ ఇంటికి మారాక ఆ పేరొచ్చింది. యుద్ధం వచ్చినప్పుడు 1940లో న్యూయార్క్‌కి తీసుకెళ్లిపోయారు, 1950లో మళ్లీ ప్యారిస్ తెచ్చారు. పికాసో, మిరో లాంటివాళ్లు పని చేసిన చోటు, న్యూయార్క్‌లో ఉన్నప్పుడు జాక్సన్ పొలాక్ కూడా వచ్చి ప్లేట్లు, అంటే అచ్చు తీసే లోహపు రేకులు, చేశారు. అక్కడ టీచరు చెప్తే స్టూడెంట్లు వినడం అనే ఏర్పాటు లేదు, ఒకే బల్ల చుట్టూ పేరున్నవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి పని చేస్తారు, ఒకరికి దొరికిన కిటుకు సాయంత్రానికి అందరిదీ అయిపోతుంది. కృష్ణారెడ్డి గారు 1950ల్లో అందులోకి అడుగుపెట్టి, అక్కడే ఉండిపోయి, 1960ల్లో హేటర్‌తో పాటు దాన్ని నడిపే స్థాయికి వచ్చారు. మన దేశం నుంచి వెళ్లిన ఎంతోమందికి ప్యారిస్‌లో చేతిలో బ్యూరిన్, అంటే లోహం చెక్కే సన్నటి ఉలి, పెట్టింది ఆయనే.

అసలు ఎచింగ్ అంటే ఏంటి, చెక్క మీద చెక్కి అచ్చు వేసినట్టేనా?

దానికి ఉల్టా. చెక్క అచ్చులో, మన కలంకారీ అద్దకం అచ్చులో, పైకి లేచిన భాగానికి రంగు అంటుతుంది, అదే గుడ్డ మీద పడుతుంది. ఎచింగ్‌లో రంగు గుంటల్లో ఉంటుంది. రాగి రేకు గానీ జింక్ రేకు గానీ తీసుకుని, అంచులు ఏటవాలుగా అరగదీసి, నూనె జిడ్డు లేకుండా తుడిచి, దాని మీద తేనెమైనం, తారు, రోజిన్ అనే చెట్టు బంక కలిపిన పూత పూస్తాం, దాన్ని గ్రౌండ్ అంటారు. ఆరాక సూదితో గీస్తాం, సూది పోయిన చోట పూత లేచిపోయి లోహం మెరుస్తుంది. యాసిడ్‌లో ముంచితే గీసిన చోట మాత్రమే తింటుంది. ఎంతసేపు ఉంచితే అంత లోతు, లోతు ఎంతుంటే గీత అంత నలుపు. తర్వాత పూత కడిగేసి, ప్లేటంతా ఇంకు రుద్ది, పైపైన గుడ్డతో తుడిచేస్తే గుంటల్లో మాత్రం ఇంకు మిగుల్తుంది. తడిపిన మందం కాగితం దాని మీద పెట్టి, పైన ఉన్ని ఫెల్ట్ దుప్పట్లు కప్పి, రెండు ఇనుప రోలర్ల మధ్య నుంచి గట్టిగా లాగితే కాగితం ఆ గుంటల్లోకి దిగి ఇంకుని ఎత్తుకొస్తుంది. బొమ్మ కుడిఎడమలు తారుమారై వస్తుంది, కాబట్టి అక్షరాలు రాస్తే తిప్పి రాయాలి.

నీడలు, మెత్తటి బూడిదరంగులు కావాలంటే ఆక్వాటింట్, అంటే రోజిన్ పొడి సన్నగా చల్లి వేడి చేసి అంటించి, ఆ రేణువుల మధ్య ఖాళీల్లోంచి యాసిడ్ తిననివ్వడం. ఎచింగ్ కాకుండా నేరుగా బ్యూరిన్‌తో లోహాన్ని చెక్కితే అది ఎంగ్రేవింగ్. కృష్ణారెడ్డి గారు ఇవన్నీ ఒకే ప్లేటు మీద చేసేవారు, వీటికి తోడు కరెంటు మీద తిరిగే చేతి మిషన్లతో కూడా లోహాన్ని కోసేవారు.

విస్కాసిటీ ప్రింట్ అంటే? యూట్యూబ్‌లో చూశాం గానీ అర్థం కాలేదు.

నేను మొదట్లో చెప్పిన ఒకే రేకు పద్ధతి పేరే అది. వీడియోలో అర్థం కాదు, ఎందుకంటే అసలు సంగతంతా ఇంకు చిక్కదనంలో ఉంది, అది కంటికి కనిపించదు, చేతికే తెలుస్తుంది.

మామూలుగా నాలుగు రంగుల ప్రింట్ తియ్యాలంటే నాలుగు ప్లేట్లు చెయ్యాలి, ఒక్కోటీ ఒక్కో రంగుతో, ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెట్టి నాలుగుసార్లు తిప్పాలి, ఒక్క మిల్లీమీటరు జరిగినా పోయినట్టే. అతెలియే 17 వాళ్లేం చేశారంటే ప్లేటుని ఒకే చదునుగా కాకుండా మెట్లు మెట్లుగా తినిపించారు. పైన ఒక మట్టం, దాని కింద ఇంకో మట్టం, ఇంకా కింద లోతైన గుంటలు. ముందు లోతుల్లోకి గట్టి ఇంకు, నలుపో ముదురు గోధుమో, రుద్ది పైన తుడిచేస్తాం. తర్వాత రెండు ఇంకులు సిద్ధం చేస్తాం. ఒకదాంట్లో అవిసె నూనె బాగా కలిపి పల్చగా జారేలా, రెండోది నూనె దాదాపు లేకుండా బంకగా. దోసెల పిండికీ చపాతీ పిండికీ ఉన్నంత తేడా ఉండాలి. పల్చటి ఇంకుని గట్టి రోలర్ మీద ఎక్కించి ప్లేటు మీద పోనిస్తే, ఆ రోలర్ వంగదు కాబట్టి పైమట్టానికి మాత్రమే అంటుతుంది. ఆ తర్వాత బంక ఇంకుని మెత్తటి రోలర్ మీద ఎక్కించి కాస్త నొక్కుతూ పోనిస్తే అది కింది మట్టంలోకి దిగుతుంది. మరి పైమట్టం మీద కూడా తగుల్తుంది కదా, రెండు రంగులు కలిసిపోవా అంటారు. కలవవు. అక్కడ ఆల్రెడీ నూనె ఇంకు ఉంది, బంక ఇంకుని అది దగ్గరికి రానివ్వదు. పైన ఒక రంగు, కింద ఇంకో రంగు, లోతుల్లో మూడోది, ఒకే రేకు మీద, మధ్యలో ఎక్కడైనా వాలుగా చెక్కి ఉంటే అక్కడ ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి మెల్లగా జారుకుంటాయి.

ఇంకు సరిపోయిందా లేదా అని చూసి చెప్పలేం, వినాలి. గాజు పలక మీద రోలర్ తిప్పుతుంటే బంక ఇంకు చటచటమని చప్పుడు చేస్తుంది, నూనె ఎక్కువైతే ఆ చప్పుడు పోయి రోలర్ జారిపోతుంటుంది. నేను పిల్లలకి మొదటి రోజు రంగు చూపించను, కళ్లు మూసుకుని ఆ చప్పుడు వినమంటాను. ఇంకో సంగతి, మెత్తటి రోలర్ లావుగా ఉండాలి, ఒక్క చుట్టులో ప్లేటంతా దాటిపోయేంత లావు. సన్నదైతే రెండో చుట్టు మొదలైన చోట అడ్డగీత పడి మొత్తం ప్రింట్‌ని పాడుచేస్తుంది. అందుకే ఈ రోలర్లు ఖరీదు, అందుకే చాలా స్టూడియోల్లో ఉండవు.

దీన్ని ఆయనొక్కరే కనిపెట్టారా?

ఒక్కరే కాదు, అలా చెప్పడం ఆయనకే ఇష్టం ఉండేది కాదనుకుంటా. అది అతెలియే 17 బల్ల దగ్గర పుట్టింది. హేటర్ ఉన్నారు, బొంబాయి నుంచి వెళ్లిన కైకో మోతీ ఉన్నారు, కృష్ణారెడ్డి ఉన్నారు. మన దేశపు కుర్రాళ్లు ఇద్దరు ఆ బల్ల దగ్గర ఉన్నారన్నది మాత్రం మనం గట్టిగా చెప్పుకోవాలి, బయట పుస్తకాల్లో హేటర్ పేరే పెద్దగా ఉంటుంది కాబట్టి. మిగతావాళ్లు ఆ పద్ధతిని వాడారు, కృష్ణారెడ్డి గారు దాన్ని జీవితాంతం తవ్వుతూనే పోయారు. హేటర్‌కి గీత ముఖ్యం, గీత ఎటు పరిగెడితే అటు పోతారు. ఈయనకి ప్లేటు లోతు ముఖ్యం. ప్లేటుని ఆయన శిల్పంలా చూశారు, వెలుతురు పడినా పడకపోయినా దానంతట అదే ఒక వస్తువుగా నిలబడాలి. నేను ఇంత గట్టిగా చెప్తున్నానంటే కారణం ఉంది, ఆయన ప్లేట్ల ఫొటోలు చూస్తే ఇంకు లేకుండానే అవి పూర్తయిన శిల్పాల్లా ఉంటాయి, కొండలూ లోయలూ ఉన్న నేలని పైనుంచి చూసినట్టు. రంగు ఆయన తర్వాత వేసింది కాదు. ఏ రంగు ఎక్కడ ఆగుతుందో చెక్కేటప్పుడే తేలిపోతుంది.

ఆయన పనుల్లో మొదట ఏవి చూడాలి?

నా మాట వింటే సుడిగుండంతో మొదలుపెట్టండి, వర్ల్‌పూల్ అని, 1963. నీళ్లు మధ్యలోకి తిరుగుతున్నట్టు సన్నటి గీతలు వలలా అల్లుకుపోతాయి, ఎక్కువగా నీలాలు. దూరం నుంచి నీళ్లు, దగ్గరికెళ్తే లోహంలో ఎవరో గంటలు గంటలు కూర్చుని చెక్కిన దారులు. రెండూ ఒకేసారి కనిపించడమే నాకు అందులో ఇష్టం.

తర్వాత డెమాన్‌స్ట్రేటర్స్, అంటే నిరసనకారులు, 1968. ఆ మే నెలలో ప్యారిస్ వీధుల్లో స్టూడెంట్లు, కార్మికులు లేచారు కదా, ఆయన అప్పుడు అక్కడే ఉన్నారు. ఆకులూ అలలూ చెక్కిన మనిషి ఒక్కసారిగా మనుషుల గుంపుని తెచ్చి పెట్టారు. క్విట్ ఇండియా చూసిన కుర్రాడే కదా.

తర్వాత కూతురు పుట్టాక, 1970ల్లో, పాప పాకుతున్న బొమ్మలున్నాయి, అపు క్రాలింగ్ అని. ఆ పాపని సర్కస్‌కి తీసుకెళ్లడం నుంచే విదూషకుడి బొమ్మల వరసంతా వచ్చింది, దాంట్లో పెద్దది గ్రేట్ క్లౌన్, 1980ల్లోది. ఇది ఎందుకు చూడాలంటే, అదే ప్లేటుని ఆయన రకరకాల రంగుల్లో తీశారు. ఒకదాంట్లో వెచ్చటి ఎరుపులు, ఇంకోదాంట్లో చల్లటి రంగులు, రేకు ఒకటే, ఇంకుల చిక్కదనం, వరస మార్చారంతే. రెండు మూడు పక్కపక్కన పెట్టుకుని చూస్తే నేను పైన చెప్పిందంతా ఒక్క నిమిషంలో తలకెక్కుతుంది. ఫోన్‌లో చూసినా సరే, పెద్దది చేసి మూలలు చూడండి.

ప్రింట్ అంటే కాపీ కదా, మరి ఒరిజినల్ అని ఎలా అంటారు? ఒక్కో కాగితానికి అంత రేటా?

ఈ ప్రశ్న మా మామయ్య ఇప్పటికీ వచ్చినప్పుడల్లా అడుగుతారు. కాపీ అంటే ఎక్కడో ఒక అసలు బొమ్మ ఉండి దాన్ని ఫొటో తీసి అచ్చేసింది. ఎచింగ్‌కి వేరే అసలు బొమ్మ లేదు. ప్లేటు బొమ్మ కాదు, అది పనిముట్టు. కాగితం మీదకొచ్చిందే బొమ్మ. ప్రతి కాగితానికీ మళ్లీ మొదట్నుంచి ఇంకు ఎక్కించాలి, తుడవాలి, తిప్పాలి, విస్కాసిటీలో అయితే రోజుకి ఐదో ఆరో మంచివి వస్తే సంతోషం. కింద పెన్సిల్‌తో 12/50 అని రాసి ఉంటే ఆ ప్లేటు నుంచి యాభైకి మించి తియ్యనని ఆర్టిస్టు ఇచ్చిన మాట, ఇది అందులో పన్నెండోది. ఏ.పీ. అని ఉంటే ఆర్టిస్టు తన దగ్గర ఉంచుకునే ప్రూఫ్. నంబర్ చిన్నదైతే విలువ ఎక్కువ అని ఎవరో ప్రచారం చేశారు, అది నిజం కాదు.

మా తాతగారి ఇంట్లో పాత ప్రింట్ ఒకటి ఉంది, నిజమైనదో కాదో ఎలా చూడాలి?

ఫ్రేమ్‌లోంచి తీసి ఏటవాలు వెలుతురులో పట్టుకోండి. బొమ్మ చుట్టూ కాగితం లోపలికి నొక్కుకుపోయిన అంచు కనిపించాలి, అది ప్లేటు గుర్తు. వేలితో ముట్టకండి, పక్కనుంచి చూడండి, గీతల మీద ఇంకు కాస్త పైకి ఉబ్బి ఉంటుంది. బంగారు షాపువాళ్లు వాడే భూతద్దం దొరికితే ఇంకా తేలిక. దాంట్లోంచి చూసినప్పుడు వరసగా చిన్న చిన్న రంగు చుక్కలు కనిపిస్తే అది ఆఫ్‌సెట్ అచ్చు, క్యాలెండర్ లాంటిదే. గీతలు గీతల్లాగే, రంగు రంగులాగే ఉంటే ముందుకి వెళ్లొచ్చు. సంతకం పెన్సిల్‌తో ఉందా, అచ్చులోనే కలిసిపోయి ఉందా అనేది కూడా చూడండి. ఇవన్నీ సరిపోయినా అది ఫలానా వాళ్లదే అని తేల్చడం మాత్రం ఇంట్లో కూర్చుని అయ్యే పని కాదు, దానికి తెలిసినవాళ్లు కావాలి.

అమెరికా ఎందుకు వెళ్లిపోయారు?

1976లో న్యూయార్క్ వెళ్లారు. భార్య జూడీ బ్లమ్ రెడ్డి కూడా ఆర్టిస్టే. అక్కడ న్యూయార్క్ యూనివర్సిటీలో నేర్పారు, ఇంట్లో స్టూడియో, ఎక్కడ పిలిస్తే అక్కడికెళ్లి వర్క్‌షాపులు. ఇండియా కూడా వస్తూనే ఉండేవారు. ప్రయాణాల గురించి అడిగేవాళ్లు ఎన్ని దేశాలు అని లెక్క అడుగుతారు, నాకు లెక్క కంటే ఆయన వెళ్లిన చోటల్లా ఏం చేశారన్నది ముఖ్యం. నూనె ఎంత కలపాలో, రోలర్ ఎంత మెత్తగా ఉండాలో, ఏ మట్టం ఎంత తినిపించాలో దాచుకోకుండా చెప్పేశారు. మన దగ్గర పనివాళ్ల కుటుంబాల్లో కిటుకు ఇంటి గడప దాటనివ్వరు, బతుకుతెరువు కాబట్టి తప్పు పట్టలేం. ఈయన మాత్రం చేతిలో ఉన్నదంతా బల్ల మీద పెట్టేశారు. చెన్నైలో ఒక మూల కూర్చుని నేను ఈ పని చేయగలుగుతున్నానంటే ఆ చెప్పింది చేతులు మారి మారి ఇక్కడికి వచ్చింది కాబట్టే.

2016 చివర్లో న్యూయార్క్ మెట్ మ్యూజియంలో హేటర్, కృష్ణారెడ్డి, జరీనా హష్మీ ముగ్గురినీ కలిపి ఒక ఎగ్జిబిషన్ పెట్టారు. అలీగఢ్‌లో పుట్టిన జరీనా గారు 1960ల్లో అదే అతెలియే 17లో పని నేర్చుకున్నారు. ఆ ఎగ్జిబిషన్ నాటికి కృష్ణారెడ్డి గారికి 91 ఏళ్లు.

ఇంత పెద్దాయన మన తెలుగువాళ్లకి ఎందుకు తెలీదు?

నాకు బాధగా ఉండే ప్రశ్న ఇది. ఒక కారణం ప్రింట్లే. కాగితం మీద పని వెలుతురుకి పాడవుతుంది, అందుకని మ్యూజియంలు ఎక్కువ కాలం గోడకి పెట్టవు, సొరుగుల్లో ఉంచుతాయి. విగ్రహంలా నాలుగు రోడ్ల కూడలిలో నిలబడే కళ కాదు. రెండోది, ఆయన కుర్రతనంలోనే దేశం దాటారు. మూడోది మన తప్పే, మన బళ్లలో డ్రాయింగ్ పీరియడ్ అంటే మ్యాథ్స్ సారు తీసుకునే పీరియడ్. చిత్తూరు జిల్లాలో పదో తరగతి పిల్లల్ని అడిగితే ఒక్కరికైనా ఈ పేరు తెలియాలి కదా. ఆయన గురించి ఇంగ్లీషులో వ్యాసాలు, కేటలాగులు ఉన్నాయి, తెలుగులో దొరికేది పత్రికల్లో చిన్న చిన్న ముక్కలు.

మనవాళ్లలో ఎచింగ్ చేసినవాళ్లు ఇంకెవరైనా?

లక్ష్మాగౌడ్ గారు. 1940లో మెదక్ జిల్లా నిజాంపూర్‌లో పుట్టారు, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదివారు. తెలంగాణ పల్లె మనుషులు, మేకలు, చెట్లు, ఆ దేహాల మధ్య ఉండే మోహం, ఇవన్నీ ఎచింగ్‌లో ఆక్వాటింట్‌లో ఆయన తెచ్చినట్టు ఇంకెవరూ తేలేదు. రంగు తక్కువ, గీత ఎక్కువ. కృష్ణారెడ్డి గారివీ ఈయనవీ పక్కపక్కన చూడండి, ఒకే రకం పనిముట్లతో ఇద్దరు ఎంత వేరే లోకాలకి వెళ్లారో తెలుస్తుంది.

చెన్నైలో ఎచింగ్ ఎక్కడ చూడొచ్చు, ఎక్కడ నేర్చుకోవచ్చు?

పెరియమేడు దగ్గర గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ ఉంది, 1850లో అలెగ్జాండర్ హంటర్ అనే డాక్టరు మొదలుపెట్టింది, మన దేశంలో ఆర్ట్ నేర్పే బళ్లలో అన్నిటికంటే పాతవాటిలో ఒకటి. డిగ్రీ చెయ్యాలనుకునే పిల్లలకి అదే. గ్రీమ్స్ రోడ్డులో లలిత కళా అకాడమీ రీజనల్ సెంటర్‌లో ప్రింట్ స్టూడియో, గ్యాలరీ ఉన్నాయి, ఏదైనా షో నడుస్తుంటే వెళ్లండి, లోపల ప్రెస్ చూడనిస్తారేమో మర్యాదగా అడగండి. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద ఇంజంబాక్కంలో చోళమండలం కళాకారుల గ్రామం, 1966లో కె.సి.ఎస్. పణికర్ గారు, ఆయన స్టూడెంట్లు కలిసి కట్టుకున్నది, మద్రాసు ఆర్టిస్టుల పని ఒకేచోట చూడాలంటే అదే మంచి చోటు.

సామాన్ల సంగతికొస్తే, జింక్ రేకులు, రాగి రేకులు జార్జ్ టౌన్ సందుల్లో లోహం అమ్మే షాపుల్లో దొరుకుతాయి, గీతలు పడని రేకు కావాలని ముందే చెప్పండి, లేకపోతే మూలన పడేసింది తీసిస్తారు. ఇంకు తుడవడానికి గంజి పెట్టిన పల్చటి గుడ్డ చాలు, ఇంట్లో ఉన్న పాత నూలు పంచె చివర్లో మెరుగు పెట్టడానికి బాగుంటుంది. కాగితం విషయంలో మాత్రం కక్కుర్తి పడొద్దు, కాటన్ కాగితమే కొనండి.

యాసిడ్ అంటే భయంగా ఉంది, పిల్లల్ని పంపొచ్చా?

భయం ఉండటం మంచిదే. నైట్రిక్ యాసిడ్ జింక్‌ని తినేటప్పుడు వచ్చే పొగ ఊపిరితిత్తులకి చాలా చెడ్డది, గోధుమరంగు పొగ కనిపిస్తే వెంటనే బయటికి రావాలి. నీళ్లలోకి యాసిడ్ పొయ్యాలి, యాసిడ్‌లోకి నీళ్లు ఎప్పుడూ పొయ్యకూడదు, ఇది నా క్లాసులో గోడ మీద రాసి ఉంటుంది. రోజిన్ పొడి కూడా పీల్చకూడదు, మాస్కు ఉండాల్సిందే. రాగికి ఫెర్రిక్ క్లోరైడ్ వాడితే ఆ పొగ బాధ ఉండదు, మరకలు మాత్రం పోవు. జింక్‌కైతే మైలుతుత్తం, ఉప్పు కలిపిన నీళ్లతో తినిపించే పద్ధతి ఉంది, నేను కొత్తవాళ్లకి అదే నేర్పుతాను. రైతుల ఇళ్లలో మైలుతుత్తం అందరికీ తెలిసిందే, కానీ అది కూడా విషమే, వాడేసిన నీళ్లు సింకులో, మొక్కల్లో పొయ్యొద్దు. పదేళ్లలోపు పిల్లలకి ఇవేవీ వద్దండి, లినోలియం అనే మెత్తటి షీటు మీద చెక్కించండి, లేదా పాత అట్టల మీద అచ్చులు వేయించండి, అదీ ప్రింటే.

మా ఇంట్లో ఫ్రేమ్ కట్టిన ప్రింట్ మీద గోధుమ మచ్చలు వస్తున్నాయి, ఏం చెయ్యాలి?

చెన్నై గాలి పని అది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలప్పుడు కాగితం తేమ పీల్చుకుంటుంది, అద్దానికి ఆనుకుని ఉంటే ఆ తేమ బయటికి పోలేదు, బూజు మొదలవుతుంది. ఫ్రేమ్ కట్టేవాళ్లకి అద్దానికీ కాగితానికీ మధ్య మౌంట్, అంటే రెండూ తగలకుండా ఉంచే అట్ట చట్రం, పెట్టమని చెప్పండి, వెనక మామూలు అట్ట కాకుండా యాసిడ్ లేని బోర్డు వెయ్యమనండి. సెల్లోటేప్‌తో అస్సలు అతికించనివ్వద్దు. బాత్రూమ్ గోడకి, సముద్రం వైపు కిటికీ ఎదురుగా, ఎండ పడే చోట పెట్టకండి. ఆల్రెడీ వచ్చిన మచ్చల్ని ఇంట్లో గుడ్డతో తుడవొద్దు, బ్లీచింగ్ జోలికి అసలు పోవద్దు, ఫ్రేమ్ విప్పి పొడిగా ఉండే గదిలో ఉంచి కాగితాలు బాగుచేసేవాళ్లకి చూపించండి.

యాభై ప్రింట్లు తీశాక ప్లేటు ఏం చేస్తారు?

మళ్లీ తియ్యలేకుండా దాని మీద అడ్డంగా గీతలు కొడతారు, దాన్ని క్యాన్సిల్ చెయ్యడం అంటారు, గీతలు కొట్టాక ఒక ప్రింట్ తీసి రుజువుగా దాచుకునేవాళ్లూ ఉన్నారు. ప్లేటుకి మైనం పూసి అలాగే భద్రం చేసేవాళ్లూ ఉన్నారు. నా క్లాసులో పిల్లలు మాత్రం క్యాన్సిల్ చెయ్యరు, వెనక్కి తిప్పి రెండో వైపు ఇంకో బొమ్మ మొదలుపెడతారు, రేకు ఖరీదు అలాంటిది మరి.

తెలుగులో చెప్తారా?

చెప్తానండి. ప్రెస్ తిప్పే అన్న తమిళం మాట్లాడతారు, నేను తెలుగులో చెప్తాను, మధ్యలో అందరికీ అన్నీ అర్థమవుతాయి. వచ్చేటప్పుడు పాత బట్టలు వేసుకోండి, చేతికి ఉంగరాలు తీసేసి రండి, ముందు రోజే ఒక చిన్న బొమ్మ, అరచేతి అంత సైజులో, కాగితం మీద గీసుకుని తెచ్చుకోండి.